ఆక్సిజన్ ప్లాంటు వచ్చింది, మాత్రల లైను తగ్గలేదు

2021 ఏప్రిల్ 22న విశాఖ స్టీల్‌ప్లాంటు నుంచి ఒక రైలు బయల్దేరింది. దాని మీద ఏడు ట్యాంకర్లు, వాటి నిండా ద్రవ ఆక్సిజన్. దేశంలో ఆక్సిజన్ నింపుకుని కదిలిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అదే. మూడు ట్యాంకర్లు నాగపూర్‌లో దిగాయి, మిగతా నాలుగు నాసిక్ దాకా వెళ్లాయి. ఆ వీడియోలు విశాఖవాళ్లం వాట్సాప్‌లో ఒకరికొకరం తెగ పంపుకున్నాం. మన ఊరి ఆక్సిజన్ ఎక్కడో మహారాష్ట్రలో ప్రాణం పోస్తోందని గొప్పగా చెప్పుకున్నాం. అదే వారంలో మన చుట్టాలకి ఒక్క బెడ్డు దొరుకుతుందేమోనని తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కూడా చేశాం.

ఇప్పుడు పెద్దాస్పత్రుల ఆవరణలో గాలిలోంచే ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు ఉన్నాయి. వెంటిలేటర్లు వచ్చాయి. వార్డుల్లోకి ఆక్సిజన్ పైపులు వచ్చాయి. కరోనా అనే మాట పేపర్లో మూడో పేజీలో కూడా కనపడటం లేదు. మరి సోమవారం పొద్దున్న ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ కౌంటరు ముందు ఆ జనం ఏమిటి? ఎవర్ని అడిగినా రెండు జవాబులు వస్తాయి. జనాభా పెరిగిపోయింది అంటారు, లేదంటే డాక్టర్లు టైముకి రారు అంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ రెండూ కరోనాకి ముందు కూడా ఉన్నవే.

నాకు అర్థమైనంతలో చిక్కుముడి మొదలయ్యేది ఇక్కడ. కరోనా రోగి ఆస్పత్రికి ఒకసారి వస్తాడు. పది రోజులో ఇరవై రోజులో ఉంటాడు, ఇంటికి వెళ్తాడు, లేదా వెళ్లడు. షుగరు రోగి నెలనెలా వస్తాడు, బతికున్నంత కాలం వస్తాడు. మహమ్మారి పేరు చెప్పి మనం కొన్న సామానంతా మొదటివాడికి పనికొచ్చేది. లైన్లో నిలబడి ఉన్నది రెండోవాడు.

ఆఖరి మెట్టు

విశాఖలో ప్రభుత్వ వైద్యం అంటే ముందు కేజీహెచ్చే గుర్తొస్తుంది. కింగ్ జార్జ్ ఆస్పత్రి, ఆంధ్రా మెడికల్ కాలేజీ రెండూ 1923లోనే మొదలయ్యాయి. ఇప్పుడు అక్కడ వెయ్యికి పైగా పడకలున్నాయి. వినడానికి పెద్ద సంఖ్యే. అవతలి వైపు లెక్క కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విశాఖ జిల్లా దాదాపు 42.9 లక్షలు, శ్రీకాకుళం 27 లక్షలు, విజయనగరం 23.4 లక్షలు. మొత్తం కలిపితే 93 లక్షల పైమాటే. వీళ్లందరికీ ఆఖరి మెట్టు కేజీహెచ్. సరిహద్దు అవతల కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు నుంచి ఒడిశావాళ్లూ ఇక్కడికే వస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనకాపల్లి వేరైంది, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వేరైంది. మ్యాపు మీద గీత పడింది గానీ, చింతపల్లిలో బైకు మీంచి పడి తలకి దెబ్బ తగిలినవాడిని ఎక్కించుకున్న అంబులెన్సు ఘాట్ రోడ్డు దిగి వచ్చేది ఈ ఊరికే.

ఊళ్లో ఆస్పత్రులు ఇంకా ఉన్నాయి. వన్‌టౌన్‌లో ఘోషాసుపత్రి, పెదవాల్తేరులో ఛాతీ ఆస్పత్రి, చినవాల్తేరులో మానసిక ఆస్పత్రి, కంటికి ఒకటి, చెవీ ముక్కూ గొంతుకి ఒకటి. హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ఇంకో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి 2016లో తెరుచుకుంది. చాలామందికి దాని పేరు తెలిసింది మాత్రం అది కోవిడ్ ఆస్పత్రి అయ్యాకే.

ఈ మెట్ల వరసలో కింద నుంచి చూస్తే ముందు ఊళ్లో విలేజ్ క్లినిక్, దాని పైన పీహెచ్‌సీ అనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన సీహెచ్‌సీ అనే సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి, చివర బోధనాస్పత్రి. పుస్తకంలో అలా ఉంటుంది. జనం భాషలో మాత్రం ఒక్క మాట: "కేజీహెచ్‌కి రాసేశారు." ఎందుకు రాసేస్తారు? కింది డాక్టరు బద్ధకం అనుకోవడం తేలిక. ఒక చిన్న ఆస్పత్రిలో గైనకాలజిస్టు ఉన్నారనుకోండి. మత్తు డాక్టరు లేరు, లేదా వారానికి మూడు రోజులే వస్తారు. అప్పుడు ఆ గైనకాలజిస్టు ఎంత గొప్పవారైనా రాత్రి రెండింటికి సిజేరియన్ చేయలేరు. మత్తు డాక్టరు ఉన్నా రక్తం నిల్వ లేకపోతే చేయరు. రక్తమూ ఉంది, పుట్టిన బిడ్డని చూసే పిల్లల డాక్టరు లేరు, అయినా చేయరు. ముగ్గురిలో ఒకరు లేకపోతే మిగతా ఇద్దరి జీతమూ సగం దండగే. దానికి తోడు భయం. ఏదైనా జరిగితే బంధువులు మీద పడతారు, ఫోన్లో వీడియో తీస్తారు, మర్నాడు ఎంక్వైరీ. రిఫర్ చేస్తే ఎవరూ ఏమీ అనరు. బీపీ కాస్త ఎక్కువ చూపించిన గర్భిణి కూడా అలాగే పెద్దాస్పత్రికి చేరుతుంది.

ఇదంతా 2020కి ముందు సంగతే. ఆస్పత్రి అప్పటికే నిండుకుండలా ఉంది. మహమ్మారి వచ్చి అందులో నీళ్లు పోసింది.

ఎక్కడికీ పోని రోగాలు

లాక్‌డౌన్‌లో ఆస్పత్రులు ఖాళీగా కనపడ్డాయి, గుర్తుందా? రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, అది నిజం. మిగతా జబ్బులు మాత్రం తగ్గలేదు, ఇంట్లో ఉండిపోయాయి. క్షయ లెక్కే చూడండి. దేశవ్యాప్తంగా 2019లో దాదాపు 24 లక్షల టీబీ కేసులు నమోదయ్యాయి. 2020లో 18 లక్షలే. ఏడాదిలో ఆరు లక్షల మందికి టీబీ రాకుండా పోయిందంటే నమ్మేవారెవరు? దగ్గు వస్తే కరోనా అని తీసుకుపోతారన్న భయంతో తలుపులు వేసుకుని కూర్చున్నారు. అదే గదిలో పిల్లలూ ఉన్నారు, ముసలివాళ్లూ ఉన్నారు. 2022కి నమోదు మళ్లీ 24 లక్షలు దాటింది, 2023లో 25.5 లక్షలకి చేరింది. ఆ పెరుగుదలలో కొంత, దాగి ఉన్నది బయటపడటమే.

క్యాన్సర్ సంగతి ఇంకా కష్టం. దేశంలోని 41 క్యాన్సర్ ఆస్పత్రుల లెక్కలు తీసి చూస్తే 2020 మార్చి నుంచి మే వరకు కొత్త రోగుల నమోదు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 54 శాతం పడిపోయింది. రొమ్ములో గడ్డ లాక్‌డౌన్ ఎత్తేసేదాకా ఆగుతుందా? ఆర్నెల్లు ఆలస్యంగా వచ్చిన రోగికి చిన్న ఆపరేషన్ సరిపోదు. కీమో, రేడియేషన్, మళ్లీ కీమో అంటూ తిరగాలి. ఒక మనిషి ఆలస్యం ఆస్పత్రికి ఇరవై సార్లు తిరిగే పని తెచ్చిపెట్టింది.

ఇక 2021 మేలో బ్లాక్ ఫంగస్. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊరూరా వెతికిన రోజులవి. షుగరు అదుపులో లేనివాళ్లకి స్టెరాయిడ్లు పడటంతో ఆ ఫంగస్ విజృంభించింది. ఆ గొడవలోనే ఎంతోమందికి తమకి షుగరు ఉందన్న సంగతి తెలిసింది. కరోనా టెస్టుకి వెళ్లి షుగరు రిపోర్టుతో తిరిగొచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అలాగని షుగరు కరోనాతో వచ్చిందనడం తప్పు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని అంచనా కట్టింది. దానికోసం ఇళ్లు తిరిగి లెక్కలు తీయడం 2008లో మొదలై 2020తో ముగిసింది. అంటే ఆ జనమంతా ముందు నుంచీ ఉన్నారు. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు పట్టించుకోలేదు. కరోనా భయపెట్టింది, లైన్లోకి తెచ్చింది.

లైను పెరగడానికి ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ కొలవరు. రెండో వేవ్‌లో ప్రైవేటు బిల్లులు కట్టి బంగారం తాకట్టు పెట్టిన ఇళ్లు. నాకు తెలిసినవే మూడు నాలుగు. అంతకుముందు వాళ్లు జ్వరం వస్తే రామ్‌నగర్ ప్రైవేటు ఆస్పత్రుల వైపు వెళ్లేవాళ్లు, ప్రభుత్వ ఆస్పత్రి గడప తొక్కింది లేదు. ఇప్పుడు నెల మందులకి ప్రభుత్వ ఆస్పత్రికి వస్తున్నారు. మొహమాటంగా మాస్కు పెట్టుకుని మరీ.

పిన్ని, ఓటీపీ, పదిహేను రోజుల మాత్రలు

మా పిన్ని పెందుర్తి వైపు ఉంటుంది. అరవై ఆరేళ్లు. 2021లో కరోనా వచ్చి తగ్గింది, షుగరు మిగిలింది, తర్వాత బీపీ కూడా తోడైంది. ఒకసారి తనతో పాటు నగరంలో ఒక ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాను. పేరెందుకు, ఏ ఆస్పత్రికి వెళ్లినా అంతే.

ఏడున్నరకి చేరాం. అప్పటికే లైను మెట్ల దాకా వచ్చేసింది. చీటీ కావాలంటే ముందు గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, ఆభా నంబరు, అంటే మన ఆరోగ్య రికార్డులకి కేంద్రం ఇచ్చే ఐడీ ఉండాలి. పిన్నికి ఉంది. కానీ ఆ నంబరు తీసుకున్నప్పుడు ఇచ్చిన ఫోను హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడిది. కౌంటరు దగ్గర అమ్మాయి "అమ్మా, ఓటీపీ చెప్పండి" అంటే పిన్ని నా వైపు చూసింది. నేను తమ్ముడికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నాడు, ఎత్తలేదు. వెనక నుంచి ఒకావిడ, "ఏటి బాబూ, మీ ఓటీపీ వచ్చేలోపు మా బండెళ్లిపోద్ది" అంది. ఆవిడ కొత్తవలస నుంచి వచ్చిందట. పక్కకి జరిగాం. ఆ కంప్యూటర్ పద్ధతి చెడ్డదని అనను, రికార్డు ఒకచోట ఉండటం మంచిదే. దాన్ని తయారుచేసినవాళ్లకి పిన్ని లాంటివాళ్ల ఫోన్లు కొడుకుల దగ్గర ఉంటాయన్న సంగతి తట్టలేదు, అంతే.

డాక్టరు ముందు కూర్చునేసరికి పదకొండు దాటింది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఓపీ చూస్తే నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఒక డాక్టరు వంద మందిని చూడాలంటే మనిషికి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. అందులోనే పిన్ని క్యారీబ్యాగులోంచి పాత చీటీలు తీయాలి, కళ్లజోడు వెతకాలి, కాళ్లు మంటలని చెప్పాలి. కాళ్ల మంటల దగ్గరికి వచ్చేసరికి తర్వాతి మనిషి అప్పటికే స్టూలు పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ మంచిదే, అలిసిపోయి ఉంది. పాత మందులే మళ్లీ రాసింది: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టన్. ఫార్మసీ కిటికీ దగ్గర ఇంకో లైను. అక్కడ ఇచ్చింది పదిహేను రోజులకి.

ఇక్కడ ఆగి లెక్క వేయండి. పదిహేను రోజులకి ఇస్తే పిన్ని నెలకి రెండుసార్లు రావాలి, ఏడాదికి ఇరవై నాలుగు సార్లు. రెండు నెలలకి ఇస్తే ఆరుసార్లు. మాత్రలు అవే, రోగం అదే, డాక్టరు రాసేదీ అదే. లైన్లో ఒకే మనిషి ఇరవై నాలుగు మందిలా కనపడటానికి, ఆరుగురిలా కనపడటానికి తేడా ఫార్మసీ కిటికీ దగ్గరే ఉంది. నిల్వ సరిపోదన్న టెన్షన్‌తో తక్కువ రోజులకి ఇస్తారు, అందువల్ల లైను పెరుగుతుంది, లైను చూసి రోగులు పెరిగిపోయారంటారు. ఓపీ రిజిస్టరులో సంఖ్య పెరిగిందని చదివినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. అందులో కొత్త రోగులెందరు, పాతవాళ్లు ఎన్నిసార్లు తిరిగారు అన్నది ఆ ఒక్క సంఖ్య చెప్పదు.

డయాలసిస్ దగ్గర ఈ లెక్క నిర్దయగా ఉంటుంది. ఒక మనిషికి ఒకసారి రక్తం శుద్ధి చేయడానికి నాలుగు గంటలు పడుతుంది. వారానికి మూడుసార్లు చేయాలి, కనీసం రెండు. ఒక మిషను మీద రోజుకి మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులంటే పద్దెనిమిది విడతలు. మూడేసి సార్లు చేస్తే ఆరుగురికి సరిపోతుంది, రెండేసి సార్లు చేస్తే తొమ్మిది మందికి. పదో మనిషి వస్తే? మామూలు వార్డులో మంచం వారంలోనో పది రోజుల్లోనో ఖాళీ అవుతుంది. ఇక్కడ ఖాళీ కావాలంటే ఎవరికైనా కిడ్నీ మార్పిడి జరగాలి, లేదా ఎవరైనా చనిపోవాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఉన్న ఉత్తరాంధ్రలో ఈ మాట మామూలుగా అనేది కాదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. కేజీహెచ్ కిడ్నీ విభాగం మీద భారం తగ్గాలంటే కావాల్సింది అలాంటివే. ఇంటికి దగ్గరగా ఉండేవి. వారానికి మూడు రోజులు ఇచ్ఛాపురం నుంచి విశాఖ వచ్చి వెళ్లేవాడు ఇంక కూలికి ఎప్పుడు వెళ్తాడు?

మిషన్లకి రిబ్బన్లున్నాయి, జీతాలకి లేవు

మహమ్మారి తర్వాత ఆస్పత్రులకి డబ్బు రాలేదనడం అబద్ధం. వచ్చింది. 2021 అక్టోబరులో కేంద్రం రూ.64,180 కోట్లతో ఆరోగ్య మౌలిక వసతుల మిషన్ మొదలుపెట్టింది, క్రిటికల్ కేర్ బ్లాకులు దాని కిందే. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 2021-26 మధ్య రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. పీఎం కేర్స్ డబ్బుతో ఆక్సిజన్ ప్లాంట్లు వచ్చాయి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుతో సామాను వచ్చింది.

వచ్చిన డబ్బు ఎక్కువగా ఒకసారి ఖర్చుపెట్టేసే రకం. ఒక వెంటిలేటర్ పక్కన ప్రతి షిఫ్టులో ఒక నర్సు ఉండాలి. రోజుకి మూడు షిఫ్టులు, వారానికి ఇరవై ఒకటి. ఒక నర్సు వారంలో ఆరు చేస్తుంది, సెలవులూ నైట్ ఆఫ్‌లూ కలిపితే ఒక్క వెంటిలేటర్‌కి నలుగురైదుగురు నర్సులు కావాలి. మిషను ఒకసారి కొంటే చాలు. నర్సు జీతం ప్రతి ఒకటో తారీకున ఇవ్వాలి, ముప్పై ఏళ్లు ఇవ్వాలి, తర్వాత పింఛను. ఏ కంపెనీ అయినా స్కానింగ్ మిషను ఇచ్చి రిబ్బను కత్తిరించి ఫొటో దిగుతుంది. ఇద్దరు ఎమ్మెన్వోల, అంటే వార్డుల్లో రోగులకి సాయం చేసే మగ ఆర్డర్లీల, జీతం మేమిస్తామని ఫ్లెక్సీ కట్టినవాళ్లని నేనింకా చూడలేదు. స్ట్రెచర్ తోసేది మాత్రం ఆ ఎమ్మెన్వోనే. అతను లేకపోతే రోగి కొడుకు తోస్తాడు. కేజీహెచ్ వాలు మీద కట్టిన ఆస్పత్రి. 'కేజీహెచ్ అప్', 'కేజీహెచ్ డౌన్' అని రెండు వైపులకీ పేర్లే ఉన్నాయి. ఆ ఎత్తు మీద స్ట్రెచర్ తోయడం అంటే ఏమిటో తోసినవాళ్లకే తెలుస్తుంది.

కరోనా కాలంలో తాత్కాలికంగా తీసుకున్న సిబ్బంది గడువు తీరగానే వెళ్లిపోయారు. వాళ్లు నేర్చుకున్న ఐసీయూ పని కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది. పెద్దగా చర్చకు రాని ఇంకో దెబ్బ ఉంది. బోధనాస్పత్రి వార్డుల్ని నిజానికి నడిపేది పీజీ డాక్టర్లు. మూడేళ్ల కోర్సు, మూడు బ్యాచ్‌లు. 2021 నీట్ పీజీ పరీక్ష జనవరిలో జరగాల్సింది. ఏప్రిల్‌కి, అక్కడి నుంచి సెప్టెంబరు 11కి పోయింది. రిజర్వేషన్ కేసు వల్ల కౌన్సెలింగ్ 2022 జనవరికి గానీ మొదలవలేదు. దేశమంతా మొదటి సంవత్సరం బ్యాచ్ నెలల తరబడి లేదు. ముగ్గురు చేయాల్సిన పని ఇద్దరు చేశారు, అదీ రెండో వేవ్ అయిపోయి అలిసిపోయి ఉన్నప్పుడు. 2021 నవంబరు, డిసెంబరుల్లో రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కింది అందుకే.

కొత్త మెడికల్ కాలేజీలు మంచివే. విజయనగరంలో 2023లో, పాడేరులో 2024లో క్లాసులు మొదలయ్యాయి. పాడేరులో పెద్దాస్పత్రి ఉంటే ఘాట్ దిగి వంద కిలోమీటర్లకు పైగా వచ్చే బాధ తప్పుతుంది. కానీ కాలేజీకి భవనం కట్టినంత వేగంగా ప్రొఫెసర్‌ని తయారుచేయలేం. పాత కాలేజీల నుంచే ప్రమోషన్ల మీద, బదిలీల మీద పంపాలి. అక్కడి కుర్చీ నిండాలంటే ఇక్కడి కుర్చీ ఖాళీ కావాలి. ఇది పదేళ్లలో సర్దుకునే విషయం, ఈ పదేళ్లూ మాత్రం లాగాలి.

ఇక ఆరోగ్యశ్రీ. 2007లో మొదలై పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. 2023 డిసెంబరులో పరిమితి రూ.25 లక్షలకి పెంచారు. ఎన్నో ఇళ్లని అప్పుల్లోంచి కాపాడిన పథకం, అందులో అనుమానం లేదు. కానీ దాని స్వభావం ప్యాకేజీ. గుండెకి స్టెంట్ వేస్తే డబ్బు వస్తుంది. గుండెపోటు రాకుండా రోజూ వేసుకోవాల్సిన బీపీ బిళ్లకి రాదు. కొన్ని చికిత్సల తర్వాత కొంతకాలం ఫాలో-అప్ మందులు ఇస్తారు గానీ, పిన్ని లాంటి మామూలు షుగరు రోగికి అది వర్తించదు. పాతిక లక్షల కార్డు బీరువాలో పెట్టుకుని ముప్పై రూపాయల మాత్రల కోసం లైన్లో నిలబడటం అందుకే. బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపడం 2024లో చూశాం, 2025లోనూ చూశాం. అలా ఆపిన ప్రతిసారీ ఆ రోగులు వచ్చేది ఎటు? మళ్లీ ఆ వాలు రోడ్డు ఎక్కే వస్తారు.

2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలంది. 2021-22లో, అదీ టీకాల ఖర్చున్న ఏడాదిలో, అది 1.84 శాతం. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టింది ఆ ఏడాది 39.4 శాతం. 2013-14లో 64.2 శాతం ఉండేది కాబట్టి తగ్గినట్టే. తగ్గిన భారం ఎవరో ఒకరి భుజం మీద పడాలి కదా. ప్రభుత్వ ఆస్పత్రి భుజం మీద పడింది, ఆ భుజానికి మాత్రం అంత బలం రాలేదు.

నిండిన వార్డులో ఒక్క మంచం

ఇన్ని కారణాలు కలిసినా ఒక్కోటీ చిన్నదే. పది శాతం ఇటు, ఐదు శాతం అటు. మరి ఆస్పత్రి అంతగా ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతుంది? మద్దిలపాలెం జంక్షన్ సాయంత్రం ఆరింటికి చూసినవాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు. పొద్దున్న ఆరింటికి అక్కడ ఒక ఆటో ఆగిపోతే ఎవరూ గమనించరు. సాయంత్రం అదే ఆటో ఆగితే లైను ఇసుకతోట దాటిపోతుంది. ఆస్పత్రీ అంతే. ముప్పై పడకల వార్డులో ఇరవై ఐదు మంది ఉన్నప్పుడు ఆరుగురొచ్చినా సర్దుకుంటుంది, ఒక్కరే మిగులుతారు. ముప్పై మంది ఉన్నప్పుడు ఒక్కరొచ్చినా కింద చాప వేయాలి. ఆ ఒక్కరి కోసం ఇంకొకరిని ఒక రోజు ముందే పంపేస్తారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు కుట్లు విప్పుకుని మళ్లీ వస్తారు.

అందుకే ఖాళీ మంచాన్ని దండగ అనుకోకూడదు, ముఖ్యంగా ఈ ఊళ్లో. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మందిని కేజీహెచ్‌కి తీసుకొచ్చారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీలో పేలుడు, 17 మంది పోయారు. రిఫైనరీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు, ఫార్మా సిటీ అన్నీ చుట్టూ పెట్టుకున్న నగరానికి కొన్ని పడకలు, కొందరు మనుషులు ఎప్పుడూ చేతిలో మిగులు ఉండాలి. ఆడిట్ చేసేవాళ్లకి అది వృథాగా కనపడుతుంది. ఫైరింజన్ రోజంతా ఖాళీగా నిలబడితే మాత్రం ఎవరూ అడగరు.

ఈ లైన్లో సగం పెద్దాస్పత్రికి రానక్కర్లేనివాళ్లే అని నా అనుమానం. వాళ్లని రానీయకుండా గేటు వేయమని కాదు, వీధి చివర్నే వాళ్ల పని అయిపోవాలి. ఆ ప్రయత్నం జరగలేదని కాదు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి వచ్చింది, పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంలో నెలకి రెండుసార్లు ఊరికి రావాలి. ఈ-సంజీవని ఫోను వైద్యాన్ని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో మనదీ ముందు వరసలో ఉంది. ఆశా కార్యకర్తలు ఇళ్లు తిరిగి బీపీ, షుగరు ఉన్నవాళ్లని పట్టుకుంటున్నారు. కింద నుంచి పైకి పంపడం మనకి బాగా వచ్చు. పెద్దాస్పత్రి నుంచి కిందికి తిప్పి పంపడమే అలవాటు కాలేదు. "మీ షుగరు అదుపులో ఉంది, ఇక మీ వీధిలో అర్బన్ హెల్త్ సెంటర్‌లోనే మందులు తీసుకోండి, ఆర్నెల్లకోసారి ఇక్కడికి రండి" అని ఒక చీటీ రాసివ్వాలి. ఆ రెండున్నర నిమిషాల్లో అంత మాట చెప్పే వ్యవధి డాక్టరమ్మకి ఏదీ?

పిన్నికి ఆ మాట నేనే చెప్పాను. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో అర్బన్ హెల్త్ సెంటర్ ఉంది కదా, అక్కడ తీసుకోవచ్చు కదా అన్నాను.

"వెళ్లాను నాన్నా ఒకసారి. అక్కడ వేరే బిళ్లలిచ్చారు. నావి తెల్లగా పొడుగ్గా ఉంటాయి, అవి గుండ్రంగా ఉన్నాయి. ఏం మందో ఏమిటో, పక్కన పెట్టేశాను" అంది.

ప్రభుత్వ మందులు టెండర్ మీద కొంటారు. టెండర్ ఎవరికి దక్కితే ఆ కంపెనీ బిళ్ల వస్తుంది, కంపెనీ మారితే ఆకారం మారుతుంది, రంగూ మారుతుంది. పెద్దాస్పత్రికీ వీధి చివర హెల్త్ సెంటర్‌కీ జిల్లాలో సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచే వెళ్తాయి. ఇంటికెళ్లాక ఆ గుండ్రటి బిళ్లల అట్ట తీయమన్నాను. డబ్బాలో అడుగున ఉంది, ఒక్కటీ చింపలేదు. వెనక అక్షరాలు చదివి వినిపించాను. మెట్‌ఫార్మిన్, 500 మిల్లీగ్రాములు. తెల్లటి అట్ట పక్కన పెట్టి అదీ చదివాను. పిన్ని కళ్లజోడు తుడుచుకుని రెండు అట్టలూ చేతిలోకి తీసుకుంది, అక్షరం అక్షరం పోల్చుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది.